గరిష్ఠం సున్నా

మొన్న ఆదివారం మా ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర కొత్తగా తెరిచిన దుకాణంలో చేపల పాకెట్టు ఒకటి కొని తెచ్చి, సింకులో పెట్టి కత్తెరతో మూల కోసేసరికి వచ్చిన వాసనకి ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాను. పైకి చూస్తే మంచు తెల్లగా, గట్టిగా ఉంది. లోపల ముక్క మాత్రం ఎప్పుడో కరిగి, మళ్లీ గడ్డకట్టి, వేలికి జిగురుగా అంటుకుంది. పట్టుకెళ్లి చూపిస్తే దుకాణదారు ముఖం పక్కకి తిప్పుకుని, ఫ్రీజరు పైన తగిలించిన తెర వైపు చెయ్యి చూపించాడు. పచ్చని వలయం మధ్యలో మైనస్ పద్దెనిమిది, దాని కింద సగటు అని ఉంది. సగటు సరే, ఈ వారంలో ఎక్కువలో ఎక్కువ ఎంతకి పోయింది అని అడిగాను. "అదేటో నాకు తెల్దు దీదీ, పచ్చగుందా నేదా, అంతే సూడాల" అన్నాడు. పాకెట్టు అక్కడి చెత్తడబ్బాలోనే పడేసి వచ్చి, ఇంట్లో చేతులు కడుక్కుంటూ కూర్చున్నాను. సబ్బు వాసన పోయింది గానీ ఆ వాసన పోలేదు.

నాకు సగటు అంటే మొదటి నుంచీ పడదు. ఇది మా నాన్న దగ్గర్నుంచి వచ్చిన గుణం. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికని ఇక్కడికి వచ్చి, ఇక తిరిగి వెళ్లకపోవడంతో మేమంతా ఖరగ్‌పూర్ వాళ్లమే అయిపోయాం. నాన్న ఏ ఇరుసునైనా గేజి పెట్టి చుట్టూ కొలిచేటప్పుడు, అన్నిటికంటే లావు ఎక్కడ, అన్నిటికంటే సన్నం ఎక్కడ అన్న రెండే మనసులో పెట్టుకునేవాడు. విరిగేది ఎప్పుడూ ఆ సన్నం దగ్గరే గానీ సగటు దగ్గర కాదని భోజనాల దగ్గర మాకు చెబుతుండేవాడు. మాకు అర్థమైందా లేదా అని కూడా చూసేవాడు కాదు. అక్క వినేది కాదు, నేను వినేదాన్ని. పప్పు డబ్బాలో మట్టం దగ్గర్నుంచి మా వీధిలో కరెంటు పోయే గంటల దాకా ఎక్కువెంత, తక్కువెంత అని మనసులోనే పెట్టుకుని తిరిగే పిల్లనయ్యాను.

ఇంటరు తరవాత చదువు ఆగిపోయింది. టైపు నేర్చుకున్నాను. మా అక్క భర్త, అంటే మా బావ, ఊరి చివర చేపల కోల్డ్ స్టోరులో, గదిని చల్లబరిచే మిషనుకి ఆపరేటరు. మన కోస్తా నుంచి పెట్టెల్లో వచ్చే చేపల్ని గడ్డకట్టించి, గదిలో నిలవ ఉంచి, బజారు చూసుకుని బయటికి పంపే వ్యాపారం అది. యజమాని కలకత్తాలో ఉండేవాడు. ఇక్కడ అంతా చూసుకునేది మేనేజరు బాబు. బావ మాట సాయంతో నేను ఆఫీసులో చేరాను. అక్కడ ఒక పాత కంప్యూటరు ఉండేది, నల్లని తెర, తెల్లని అక్షరాలు, బొమ్మలేమీ లేవు. మన వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో యంత్రం మనతో మాట్లాడేది కాదు, మనమే దాని భాషలో ఒక్కొక్క మాట టైపు చేసి అడగాల్సి వచ్చేది. నాకు ఎవరూ నేర్పలేదు. అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి సొరుగులో దొరికితే, దాన్ని చూస్తూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నాను. గదిలోని గేజి నుంచి ఒక వైరు కంప్యూటరు దాకా వచ్చేది, ఉష్ణోగ్రత ఎంతుందో కొద్దికొద్ది సేపటికి ఒక ఫైల్లో వరసకి ఒక అంకె చొప్పున పడుతుండేది. ఆ ఫైలుని సార్ట్ అనే కమాండుకి ఇచ్చి, ఇవి అక్షరాలు కావు అంకెలు అని ఒక చిన్న గుర్తు పెడితే, అంత పొడుగు వరసా చిన్నది పైకి, పెద్దది కిందికి సర్దుకుని నిలబడేది. మొదటి వరస చూస్తే కనిష్ఠం, చివరి వరస చూస్తే గరిష్ఠం. నాన్న గేజి పెట్టి వెతికేదే ఇది అనిపించి, మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

అయితే సాయంత్రం చీటీ నేను తీసేదాన్ని కాదు. దానికి ముందు నుంచీ ఒక స్క్రిప్టు ఉండేది, అంటే ఏమేం చెయ్యాలో వరసగా రాసిపెట్టిన చిన్న ఆదేశాల ఫైలు. మేనేజరు బాబు దాని పేరు టైపు చేసి మీట నొక్కితే కనిష్ఠం, గరిష్ఠం అని రెండు అంకెలు అచ్చయ్యేవి. యజమాని ఆ చీటీని రోజూ కలకత్తాకి ఫ్యాక్సు చెయ్యమన్నాడు. ఎందుకంటే కొనేవాళ్ల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి, చేప మెత్తగా వస్తోందని, వాసనని. ఆ వాసన మాకు కొత్త కాదు. పాడైన పెట్టెల్ని వెనక పాకలో నీళ్లతో కడిగి, కొత్త ఐసు వేసి, మళ్లీ గదిలోకి ఎక్కించేవారు. ఆ కడిగిన నీళ్లు ఆఫీసు కిటికీ కిందుగా పారేవి. నేను తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తియ్యడానికే అసహ్యం వేసేది.

చీటీల్లో కనిష్ఠం రోజుకో రకంగా ఉండేది, మైనస్ ఇరవై, మైనస్ ఇరవై ఒకటి అలా. గరిష్ఠం మాత్రం ఏ రోజైనా సున్నాయే. యజమాని ఫోనులో తేల్చేశాడు. గది రోజూ సున్నా దాకా వస్తోందంటే రోజూ ఎవరో మిషను ఆపుతున్నారు. కరెంటు పోయినప్పుడు జనరేటరు వెయ్యడం లేదు. వెయ్యకపోతే ఆ డీజిలు ఎక్కడికి పోతోంది, ఎవరు అమ్ముకుంటున్నారు. మిషను దగ్గర ఉండేది బావ. సోమవారం తనే వచ్చి లెక్క తేలుస్తానని, ఆపరేటరుని పోలీసులకి అప్పగించినా అప్పగిస్తానని అన్నాడు. ఈ కబురు మేనేజరు బాబు ఐసు కూలీల ముందే బావకి చెప్పాడు.

ఆ సాయంత్రం నేను అక్కా వాళ్లింటికి వెళ్లేసరికి బావ గుమ్మంలో కూర్చుని సైకిలు చెయిను తుడుస్తున్నాడు.

"ఏటి మరదలా, నీ కంప్యూటరు నన్ను దొంగని సేసీసినాదేటి?" అన్నాడు నవ్వుతూనే.

"నవ్వులాటగుందా నీకు? పోలీసులంతన్నారు. రేపు పిల్లలు ఈదిలోకెల్తే ఏటంతారో తెల్సా?" అని అక్క లోపల్నుంచి అంది.

"నానేటి సేసినానని? మిషను ఆపమంటే నా చెయ్యి ఒప్పదు. నమ్మితే నమ్ముతాడు, నేకపోతే నేదు."

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి, ఆ వారం ఫైలు మొత్తం తెర మీద వరసగా చదివాను. ఎక్కడా సున్నా లేదు. సార్ట్ చేసి చివరి వరస చూశాను, మైనస్ పదహారు. ఫైల్లో లేని సున్నా చీటీ మీదకి ఎక్కణ్నుంచి వస్తోందని ఆ స్క్రిప్టునే తెరిచాను. చాలా చిన్నది. గరిష్ఠం అనే కుర్చీలో ముందుగా సున్నాని కూర్చోబెట్టి, ఫైల్లోంచి ఒక్కొక్క అంకెనీ పిలిచి, నువ్వు దీనికంటే పెద్దదానివైతే దీన్ని లేపి కూర్చో అంటుంది. మా గదిలో అంకెలన్నీ సున్నాకి దిగువవే, ఏదీ దాన్ని లేపలేదు. రోజంతా పిలిచినా సున్నా అలాగే కూర్చుంటుంది. కనిష్ఠం కుర్చీలో మాత్రం ముందు వంద కూర్చునేది, దాన్ని ఏ అంకైనా లేపేస్తుంది కాబట్టి అది నిజమే చెప్పేది, ఒకటి నిజం కాబట్టి రెండోదాన్నీ అందరూ నమ్మారు. ఆరా తీస్తే తెలిసింది, యజమానికి అంతకుముందు బంగాళాదుంపల కోల్డ్ స్టోరు ఉండేదట. దుంపలు సున్నాకి పైనే నిలవ ఉంటాయి. అక్కడ ఏ తేడా లేకుండా నడిచిన స్క్రిప్టుని తెచ్చి చేపల గదికి పెట్టేశారు.

దిద్దడానికి ఒక వరస చాలింది. కుర్చీలో సున్నాకి బదులు ఫైల్లోని మొదటి అంకెనే కూర్చోబెట్టాను. పాత ఫైళ్లన్నిటికీ మళ్లీ చీటీలు తీశాను. మైనస్ పదిహేడు, పదహారు, పదిహేడు. నా గుండె తేలికపడుతుండగా, మధ్యలో ఒక రోజు మైనస్ మూడు. ఇంకొన్నాళ్లకి మైనస్ నాలుగు. అలా అక్కడక్కడ కొన్ని రోజులు. ఆ చీటీలు పట్టుకుని మిషను గదికి వెళ్లి బావకి చూపించాను. బావ వాటి మీద తేదీలు ఒక్కొక్కటీ చదువుకున్నాడు.

"ఆ రోజుల్లో కరెంటు పోనాది. జనరేటరు ఒద్దని మేనేజరు బాబే అన్నాడు. రేపు మాలు ఎల్లిపోద్ది, ఇంజినెందుకన్నాడు."

"మరి ఆ ముక్క చెప్పవేం బావా?"

"నోటిమాటకి సాచ్చికమేటి? ఆయనన్నాడని నానంటే, ఆయన అన్నేదంతాడు. అయినా రోజూ సున్నా అని కాగితం సెప్తంటే, కొన్నాళ్లే అని నానొక్కడ్నీ ఏటి సెప్పను?"

సోమవారం యజమాని వచ్చాడు. చీటీలు బల్ల మీద పరిచి, స్క్రిప్టులో తప్పు ఎక్కడుందో చూపించాను. మర్యాదగానే విన్నాడు. మైనస్ మూడు చీటీ దగ్గర అతని వేలు ఆగింది. నన్ను బయటికి వెళ్లమని, మేనేజరు బాబుతో బెంగాలీలో మాట్లాడాడు. ఈ ఊళ్లో పుట్టినదానికి బెంగాలీ రాదని ఎలా అనుకున్నాడో గానీ, తలుపు పక్కన బల్ల మీద కూర్చుని ప్రతి ముక్కా విన్నాను. డీజిలు ఆదా చెయ్యమని కలకత్తా నుంచి చెప్పింది తనే. ఫిర్యాదులొచ్చిన మాలు సరిగ్గా ఆ రోజులదే. రోజూ సున్నా అయితే మీటరు చెడిపోయిందని కొనేవాళ్లకి చెప్పుకోవచ్చు, ఫలానా రోజు మైనస్ మూడు అని కాగితం మీద ఉంటే ఏం చెప్పుకుంటాం అన్నాడు. ఆపరేటరు సంగతి ఏం చెయ్యమంటారని మేనేజరు బాబు అడిగితే, ఉండనీ, పని తెలిసినవాడు అన్నాడు. దొంగతనం మాట అంతటితో అయిపోయింది. దొంగ ఎవరో ముందు నుంచీ తెలిసినవాడు, పోలీసులనే మాట ఎంత తేలిగ్గా అన్నాడో అంత తేలిగ్గా వదిలేశాడు. నాకు ఆ కిటికీ కింద నీళ్ల కంపు కంటే ఇదే ఎక్కువ రోత పుట్టించింది.

యజమాని కారెక్కాక మేనేజరు బాబు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "దీదీ, వో జీరో హీ ఠీక్ థా, వాపస్ లగా దీజియే" అన్నాడు. ఆ సున్నాయే బాగుందట, మళ్లీ పెట్టెయ్యాలట. అంత మెత్తగా అడిగాడు, మంచినీళ్లు ఇవ్వమన్నట్టు. పెట్టనన్నాను. అయితే మా బావ దొంగ కాదని కూలీల ముందు ఒక్కమాట చెప్పండి, ఎవరి ముందు అన్నారో వాళ్ల ముందే చెప్పండి అన్నాను. "అరే, సబ్‌కో మాలూమ్ హై" అన్నాడు. అందరికీ తెలిసిందానికి మళ్లీ చెప్పడమెందుకని నవ్వి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే ఎవరినో పిలిపించి స్క్రిప్టు మార్పించాడు. కనిష్ఠం పోయింది, గరిష్ఠం పోయింది, చీటీ మీద సగటు ఒక్కటే మిగిలింది. గది నాలుగు గంటల సేపు మైనస్ మూడు దగ్గర ఉన్నా సగటులో అది ఎక్కడ మునిగిందో ఎవరికీ కనపడదు. నేను పని మానేశాను. బావ మానలేదు. ఇల్లు గడవాలి గదా అని అక్క అంది. నేను మాత్రం చాలా కాలం ఆ ఇంట్లో భోజనానికి కూర్చోలేకపోయాను.

ఆ కోల్డ్ స్టోరు ఇప్పుడు లేదు, ఆ చోట ఏవో గోదాములు లేచాయి. ఐసు కూలీల్లో కొందరు పోయారు, కొందరు టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, నడుపుతున్నారు. కిందటి నెల సుభాష్‌పల్లిలో చుట్టాల గృహప్రవేశానికి బావని తీసుకెళ్తే, వీధి మలుపులో ఒక టోటో ఆగి, తల నెరిసిన మనిషి దిగి, "డీజిల్ దాదా, కైసే హో" అని బాగోగులు అడుగుతూ బావని కావలించుకున్నాడు. మేనేజరు బాబు డీజిలు దొంగతనం మాట అన్న రోజు కూలీల మధ్య పుట్టిన ఆ పేరు అన్నేళ్లూ అలాగే అతుక్కుపోయింది. అతని గొంతులో ఎగతాళి లేదు, ప్రేమే ఉంది. ఆ పేరు ఎలా వచ్చిందో అతనికే గుర్తున్నట్టు లేదు. బావ మనవరాలు పక్కనే ఉండి, డీజిల్ అని ఎందుకన్నాడు తాతా అని అడిగింది. బావ ఒక్క క్షణం నా వైపు చూసి, "నాను డీజిలింజిను నడిపీవోన్నమ్మా, రైలుది" అన్నాడు. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని నమ్మింది.

అప్పట్లో అబద్ధం ఎక్కడ కూర్చుందో వెతికితే దొరికేది. తెర మీద వేలు పెట్టి ఇదిగో ఈ వరస అని చూపించి, లేపి, దాని చోట నిజాన్ని కూర్చోబెట్టగలిగేదాన్ని. దాన్ని మళ్లీ పెట్టమనడానికి కూడా ఒక మనిషి ముఖం చూపించుకుని నా దగ్గరికి రావాల్సి వచ్చేది. ఇప్పుడు, ఆ దుకాణం తెర మీది పచ్చని వలయం దగ్గర, అలా అడగడానికి ఎవరూ రారు, అడుగుదామన్నా ఎవరూ ఉండరు. మా బావ పేరు మీద పడ్డ సున్నాని మాత్రం అప్పుడూ లేపలేకపోయాను. ఇప్పుడు ఆ డీజిల్ పేరుని ఆయనే రైలింజిను చేసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని, ముందు నడిచి వెళ్లిపోయాడు.