మా శైలజక్క, ఆ రెండు జెల్‌లు

నిన్న పొద్దున పాలు కొందామని డెయిరీకి వెళ్లాను. శైలజక్క భర్త, బావగారు ఫోన్ చేశారు. "శైలజ ఇక లేదమ్మా. నిద్రలోనే గుండె ఆగిపోయింది" అన్నారు.

పాలు కౌంటర్ మీదే వదిలేసి బయటికొచ్చేశాను.

ఇంకా నమ్మలేకపోతున్నాను.

నేనిప్పుడు క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటున్నా, ఈ దేశానికి వచ్చాక నాకంటూ దొరికిన మొదటి మనిషి డునెడిన్‌లోని శైలజక్కే. తను రీసెర్చర్. నేనప్పుడు తన ల్యాబ్‌లో కొత్తగా చేరిన టెక్నీషియన్‌ని.

తన పనేంటో మొదటి రోజే చెప్పింది. "షాపులో అవకాడో నొక్కి చూస్తాం కదే? ఒంట్లో రోగంతో పోరాడే కణాలూ అంతే. దేన్ని తాకినా నొక్కి, లాగి చూస్తాయి. క్యాన్సర్ గడ్డ గట్టిగా ఉంటుంది, ఇన్ఫెక్షన్ వచ్చిన చోటు వాస్తుంది. ఆ తేడా వాటికెలా తెలుస్తుందా అన్నదే నా గోల."

అందుకే మూతలున్న చిన్న గిన్నెల్లో గట్టి జెల్ ఒకటి, మెత్తటి జెల్ ఒకటి చేసి, వాటి మీద కణాలను వదిలేవాళ్లం.

ల్యాబ్‌లో ఒక రూల్ ఉంది. ఏ జెల్ అన్నది గిన్నె మీద రాయాలి, మూత మీద కాదు.

నేను తొందరలో మూతల మీద రాశాను.

ఆ వారం రిజల్ట్ చూసి అక్క ఎగిరి గంతేసింది. మెత్తటి జెల్ మీద కణాలు ఎవరూ అనుకోనంత బలంగా లాగుతున్నాయట! సేమ్యా పాయసం చేసి ఐస్‌క్రీమ్ డబ్బాలో పట్టుకొచ్చింది.

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ మూత మీద 'మెత్తటి' అని రాసున్న జెల్‌ని నొక్కి చూశాను. గట్టిగా ఉంది. రెండు మూతలూ తారుమారు చేసేశాను.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వీసా ఆ ఉద్యోగం మీదే ఉంది. నాలుగు రోజులు నోరు విప్పలేదు. ఆ రిజల్ట్ అందరికీ చూపించే మీటింగ్ రోజు పొద్దున కారిడార్‌లో ఏడుస్తూ చెప్పేశాను.

అక్క మొహం పాలిపోయింది.

"నాలుగు రోజుల్నించి అన్నమన్నా తిన్నావా, పిచ్చిమొహమా?" అంది.

లోపలికెళ్లి అందరి ముందూ మూతలు మారిపోయాయనీ, తప్పు తనదేననీ, ఆ రిజల్ట్ పనికిరాదనీ చెప్పేసింది.

మళ్లీ చేస్తే ఆ రిజల్ట్ రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు.

తర్వాత ఏళ్ల తరబడి "శైలజా, మూతలు జాగ్రత్త" అని అందరూ ఏడిపించేవాళ్లు. అక్క నవ్వేసేది. పక్కన నేనూ నవ్వేదాన్ని, సిగ్గులేకుండా.

నిన్న మా ల్యాబ్ వాళ్ల గ్రూప్‌లో ఎవరో ప్రేమగానే ఆ సంగతి గుర్తు చేశారు. చదివి తట్టుకోలేకపోయాను.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లు ఇది చదువుతారు కాబట్టి చెప్తున్నాను.

మూతలు మార్చింది నేను. మా అక్క కాదు.

వెళ్లిరా అక్కా. ఎక్కడున్నా నీ మనసు నిమ్మళంగా ఉండాలి.