గోదావరి మీద డెక్

ఇంగ్లీషు సారు పోయాడని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. చెప్పింది ఆయన ఇంటివాళ్లు కాదు. దేవరుప్పుల బడిలో మా ఇద్దరి దగ్గరా చదువుకున్న తండా పిల్ల. ఇప్పుడు భూపాలపల్లి దవాఖానలో నర్సు. "నా చేతులల్లనే పోయిండు సార్. మీకు చెప్పాల్ననిపించింది," అంది.

సంతాప సభ పెడతామంటున్న పెద్దమనుషులంతా ఒకప్పుడు స్టాఫ్‌రూంలో ఆయన ఇంగ్లీషును వెక్కిరిస్తూ టీ తాగినవాళ్లే. వాళ్ల ప్రసంగాలు వినడానికి నేను పోను. అయితే ఆ నవ్వుల్లో నా నవ్వు కూడా ఉంది. నేను తెలుగు పంతుల్ని. ఇంగ్లీషు పుస్తకాలు కూడా ఆయన కంటే ఎక్కువే చదివాను. పిల్లలు మాత్రం ఆయన వెంటే పోయేవారు.

ఆయనకొక పద్ధతి ఉండేది. సోమవారం బోర్డు మీద ఒక చిన్న ఇంగ్లీషు మాట రాసి, శనివారం దాకా చెరిపేవాడు కాదు. "ఈ మాట మన దిక్కు యాడ బతుకుతాందో ఎతుక్కొని రాండ్రి," అనేవాడు.

తెలంగాణ ఉద్యమం రోజులు. సమ్మె ముగిసి బళ్లు తెరిచిన వారం ఆయన రాసిన మాట డెక్. ఓడలో మనుషులు నిలబడే పై అంతస్తు అని మాత్రం చెప్పాడు. ఓడను ఆయనా చూడలేదు, మేమూ చూడలేదు. ఒకడు ధూంధాం పాటలు మోగిన టేప్ డెక్ మాట తెచ్చాడు. పేకముక్కల కట్టనూ అట్లే అంటారని మరొకడు చెప్తే, "మీ బాపు నేర్పిండా?" అని సారు నవ్వాడు. ఇంకొకరి తాత పట్నంలో ఎక్కిన రెండంతస్తుల డబుల్ డెక్కర్ బస్సు వచ్చింది. చివర్లో తండా పిల్ల లేచింది. పక్క గదిలో నాకూ వినిపిస్తోంది.

"మా నాయిన మహదేవపూర్ అవతల గోదావరి మీద బ్రిడ్జి పనికి పోయిండు సార్. ఆడ బండ్లు నడిచే స్లాబును డెక్ అంటరట."

సారుకు ఆ సంగతి తెలియదు. మురిసిపోయి, ఆమె చెప్పిన వాక్యాన్ని డెక్ కిందనే రాశాడు.

మర్నాడు తనిఖీకి వచ్చిన కోస్తా అధికారి, నన్ను వెంటబెట్టుకొని ఆ గదికొచ్చి బోర్డు ముందు ఆగాడు. "వంతెనకి డెక్కేంటండీ? ఎవరు చెప్పారు?"

"మా పిల్ల తెచ్చింది సార్. నమ్మిన."

"మీ తెలుగే అర్థం కాదు, ఇక ఇంగ్లీషొకటి." నా వైపు తిరిగాడు. "మీరు బాగా చదువుకున్నారటగా, మీరు చెప్పండి."

ముందు రోజే నేను నిఘంటువు తిరగేశాను, పిల్ల తప్పు పట్టుకుందామని. ఆమె చెప్పిన అర్థం అందులో శుభ్రంగా ఉంది.

"నాకు తెలియదండీ," అన్నాను. ఆ 'అండీ' కూడా ఆయన మెప్పు కోసమే.

అధికారి పిల్ల చేతనే ఆ వాక్యం తుడిపించాడు. సుద్దపొడి ఆమె జడ మీద రాలింది. ఆ ఏడాది ఆమె మళ్లీ ఒక్క మాటా తేలేదు. ఆ అధికారి మీద కోపం ఇన్నేళ్లూ మోశాను, నా మీది కోపానికి అడ్డంగా.

రాష్ట్రం వచ్చింది. మేం రిటైరయ్యాం. వంతెన కూడా పూర్తయ్యింది. ఒకరోజు సారు మా ఇంటికొచ్చి, "నడువు పంతులు, డెక్ మీద నిలబడొద్దాం," అని జనగామలో బస్సెక్కించాడు. దారంతా కిటికీకి తల ఆన్చి నిద్రపోయాడు.

వంతెన నడుమ రెయిలింగు పట్టుకొని నిలబడ్డాం. "నీళ్లనే జూడు. తలెత్తకు," అన్నాడు. చూశాను. కాసేపటికి నది ఆగిపోయింది. వంతెన కదిలింది. మా ఇద్దరినీ, వెనక ఆగిన లారీనీ మోసుకుంటూ మెల్లగా ఎగువకు పోసాగింది.

"పోతాందా?"

"పోతాంది."

"గా దినం నీ బల్ల మీద డిక్షనరీ జూసిన. గా పేజీ మడత పెట్టినవ్. నువ్వు చెప్తవని ఆగిన."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు, కదిలే ఓడలో తోటివాడు తూలకుండా పట్టుకున్నట్టు.

మొన్న ఫోన్‌లో ఆ పిల్లతో అన్నాను. "నువ్వు గప్పుడు చెప్పింది నిజమే బిడ్డా. నాకు ఎరుకనే, చెప్పలే."

ఆమె అంది. "నిజమని నాకూ ఎరుకనే సార్. మా నాయిన కట్టిండు గద."

ఫోన్ పెట్టి కళ్లు మూసుకున్నాను. కింద నీళ్లు ఆగిపోయాయి. రెయిలింగు దగ్గర ఆయన తెల్లచొక్కా గాలికి ఊగుతోంది. సారు తల ఎత్తకుండా, ఎగువకు పోతున్నాడు.