స్పిరిట్ ల్యాంపూ, నా సంతకమూ

మొన్న పొద్దున్న కాఫీ తాగుతూ మా కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు తెరిస్తే, మా కెమిస్ట్రీ హెడ్డు గారికి నిడదవోలులో సన్మానమట, ఆయన ఫోటో కింద ఒకమ్మాయి (అమ్మాయేమిటి, ఇప్పుడు అమ్మమ్మ అయివుంటుంది) ఇలా రాసింది: "ల్యాంపు ఆరిపోయిందని నేనే తప్పు చెప్పి చెయ్యి కాల్చుకుంటే సార్ ఒక్క మాట కూడా అనలేదండీ. దేవుడండీ ఆయన." నాకు ఒళ్ళు మండిపోయింది, కాఫీ వదిలేసి లేచాను.

దేవుడట! ఆ దేవుడి కింద పదేళ్ళకు పైగా డిమాన్‌స్ట్రేటరుగా చేశాను నేను. మీలో ఆ రోజుల్లో సైన్సు చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బర్నరు వెలిగించేముందు రబ్బరు గొట్టంలో పగుళ్ళు చూసుకోవాలనీ, అగ్గిపుల్ల గీశాకే గ్యాసు తిప్పాలనీ, స్పిరిట్ ల్యాంపును నోటితో ఊదకుండా మూత పెట్టి ఆర్పాలనీ, చల్లారేదాకా అందులో చుక్క పోయకూడదనీ పిల్లలచేత వల్లె వేయించేవాళ్ళం. వల్లె వేయించేది మేము, మంటగలిపేది ఆయన. అటెండర్లు తాగేస్తారని అనుమానంతో స్పిరిట్ డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఆ విషాన్ని ఎవడు తాగుతాడండీ? పొద్దున్నే ల్యాంపులు నింపనివ్వక అడుగు తడిసేటంత పోయించేవాడు, అందుచేత ప్రతి ల్యాంపూ ప్రయోగం మధ్యలోనే కొండెక్కేది.

ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షనాడు గ్యాసు కూడా అయిపోయి స్పిరిట్ ల్యాంపులే గతి అయ్యాయి. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు గారికి పక్కగదిలో ఆత్రేయపురం పూతరేకులతో సహా భోజనం సిద్ధంగా ఉంది, ఆయనను విస్తరి ముందు కూర్చోబెట్టాలని మా హెడ్డు గారి తొందర. అంతలో కిటికీ పక్క బల్ల దగ్గర ఆ పిల్ల తన ల్యాంపు ఆరిపోయిందని చెయ్యెత్తింది. మూత పెట్టి కాసేపు చల్లారనిద్దామన్నాను నేను. "ఆరిపోయిందంటోంది గదండీ, పొయ్యండి మాస్టారూ!" అని అందరిముందూ కసిరాడు. ఎండ వెలుతురులో స్పిరిట్ మంట కంటికి ఆనదని ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాణ్ణి, అయినా ఉద్యోగం పోతుందని భయపడి పోశాను. భగ్గుమంది. తడిగోనె కప్పి ఆర్పేసరికి ఆ పిల్ల కుడిచెయ్యి మణికట్టుదాకా బొబ్బలెక్కింది.

సాయంత్రం మా హెడ్డు రిపోర్టు రాశాడు, వెలుగుతున్న ల్యాంపును ఆరిపోయిందని చెప్పిన విద్యార్థిని అజాగ్రత్తే కారణమని. పొయ్యమన్న మాట అందులో లేదు, పోసిన నేనూ లేను. కింద సాక్షిగా సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఆయనను తిట్టుకోని రోజు లేదుగానీ, ఆ పిల్ల ఇంతకాలం తప్పు తనదేననుకుంటోందని మాత్రం నాకు తోచనేలేదు.

రోజంతా తటపటాయించి, నిన్న ఆ గ్రూపులోనే, ఆయన కూడా చూసేటట్టు రాశాను: "తప్పు నీది కాదమ్మా. చూడకుండా పొయ్యమన్నది ఆయన, తెలిసీ పోసింది నేను." జవాబు వచ్చింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

మా మనవరాలి కాలేజీలో ల్యాంపులే వెలిగించరట, ప్రయోగాలన్నీ తెరమీద చూపించేస్తారట. స్పిరిట్ వాసన ఎరగని కెమిస్ట్రీ ఏం కెమిస్ట్రీయో అని ఎప్పుడూ దెప్పుతూ ఉండేవాణ్ణి. నిన్నటినుంచి ఆ మాట నోట రావడంలేదు. ఎవరి చెయ్యీ కాలదు, ఎవరూ సంతకం పెట్టనక్కర్లేదు.