ఆగే చోటికే వచ్చిన మేస్త్రి గారు

మా డీజిల్ మేస్త్రి గారు పోయారని మొన్న చేపల పాకలో ఉండగా తెలిసింది. పక్కన బేరమాడుతున్నాయన, "మంచోడేనండీ, కానీ మహా నిదానం. బండి చూడమంటే బండెక్కి కూర్చునేవాడు" అన్నాడు. ఆ మాటకు జవాబుగానే ఇది చెబుతున్నాను. నాకు అక్షరం రాదు, మనవరాలు రాస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోనన్నాను.

అవును, ఎక్కి కూర్చునేవారు. ఎందుకో వినండి.

యానాం రేవులో చేపలు కొని, ఐసు వేసి, రావులపాలెంలో అమ్ముకునే బతుకు మాది. వ్యాను అల్లుడు నడుపుతాడు. ఒక వేసవిలో ఆ వ్యాను దారిలో టప్పున ఆగిపోవడం మొదలుపెట్టింది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. షెడ్డుకి తీసుకెళ్తే ఎంతసేపున్నా ఆగేది కాదు. ఒకచోట ఫిల్టరు మార్చారు, ఇంకోచోట పంపు విప్పారు. దారిలో ఐసు కరిగి సరుకు మెత్తబడిపోతోంది. మా సరుకు కొనే షావుకారు నలుగురిలో అనేశాడు.

"బండి ఆగుతోందో, మీ అల్లుడే ఆపుకుని కునుకు తీస్తున్నాడో! మనిషిని మార్చండి."

"డ్రైవర్నయితే మారుస్తానండి, అల్లుణ్ణి ఎలా మార్చను? మీరు మార్చారా ఏంటి?" అన్నాను.

అందరూ నవ్వారు. అల్లుడు మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. తాళాలు తెచ్చి నా ముందు పెట్టి, "ఇంక నడపనండి అత్తయ్యగారూ" అన్నాడు.

ఆ తాళాలు పట్టుకునే ద్రాక్షారామంలో మేస్త్రి గారి షెడ్డుకి వెళ్లి, షావుకారు మాటతో సహా అంతా చెప్పాను. "నా దగ్గర ఆగని బండికి నేనేం చెయ్యనండి అక్కగారూ? అది ఆగే చోటికే వెళ్దాం. రోజూలాగే సరుకు వేసుకోండి" అన్నారు. మర్నాడు మాతోపాటే ఎక్కారు.

ఏటిగట్టు ఎక్కుతుండగా ఆగింది. అల్లుడు అలవాటుగా దిగి ట్యాంకు దగ్గరికి వెళ్లాడు.

"చెయ్యి పెట్టకండి బాబూ! ఆగగానే రోజూ చేసే పని ఇదేనా?" అన్నారు మేస్త్రి గారు.

"అవునండి. మూత తీసి డీజిలు చూస్తాను."

ఐసు నీళ్లు డీజిల్లోకి కారతాయని అల్లుడు ఆ మూతకి పాలిథిన్ కవరు చుట్టి, సైకిల్ ట్యూబుతో బిగించాడు. చేపలవాళ్లకి తప్ప రాని ఆలోచన. మేస్త్రి గారు మూత దగ్గర చెవి పెట్టి, ముడి విప్పి, మెల్లగా తిప్పారు. ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది.

"డీజిలు తగ్గేకొద్దీ లోపలికి గాలి వెళ్లాలండి. మూతకున్న కన్నం మూసేశారు. ఊపిరాడక ట్యాంకు డీజిలు వదలట్లేదు. మీరు చూద్దామని మూత తియ్యగానే నయమైపోతోంది!"

అల్లుడు తల దించుకున్నాడు. మేస్త్రి గారు భుజం తట్టి, "బండిని కాపాడదామనే కదా కట్టారు. కునుకు తీసేవాడికి ఇంత జాగ్రత్త ఎక్కడిదండీ?" అన్నారు.

ఆ మాట షావుకారు ముందు అనమన్నాను. రావులపాలెం దాకా వచ్చి అన్నారు. తాళాలు మళ్లీ అల్లుడి జేబులోకి వెళ్లాయి. కవరు తీసేసి, మూతకి పైన చూరులా పాత లారీ ట్యూబు ముక్క బిగించిందీ ఆయనే.

ఆయన్ని గోదారి ఒడ్డుకి మా వ్యానులోనే తీసుకెళ్లారు. చేపల వాసన పోయేదాకా వ్యాను నేనే కడిగాను. ఆడవాళ్లు రాకూడదన్నారు. గట్టు దాకా వస్తాను, ఆపేవాడెవడో రమ్మన్నాను. ఆ వేసవిలో ఆగినచోటే వ్యాను మెల్లగా ఎక్కుతోంది. ఒక్కసారి, ఒక్కసారి ఆగితే బాగుండుననిపించింది. ఆగలేదు. మూత మీద ఆ ట్యూబు ముక్క ఊగుతూ, కడిగిన నీళ్లు చుక్కచుక్కగా పక్కకి జారుస్తూ గట్టు దాటిపోయింది.