సుందరమ్మ కాచిన కషాయం

నలభై ఎనిమిది ఎండాకాలంలో రజాకార్ల దాడులకు తాళలేక చిలుకూరు సగం ఖాళీ అయింది. మంత్రసాని సుందరమ్మ కూడా మూట నెత్తిన పెట్టుకుని, కోదాడ మీదుగా నడిచి, నైజాం సరిహద్దు దాటి జగ్గయ్యపేట చేరింది. మాట్లాడేది తెలుగే అయినా ఆమెకది పరాయి దేశమే. సర్కారు వేరు, జెండా వేరు, పట్టింపులు వేరు.

నాంచారమ్మ అనే రైతు ఇల్లాలు పశువుల కొట్టం పక్కన వసారా ఇచ్చింది. ఇస్తూనే చెప్పింది.

"మా మగవాళ్ళు బయలుదేరేటప్పుడు ఎదురు రాకమ్మా. ఏమీ అనుకోకు."

భర్త పోయి పదేళ్ళయిన సుందరమ్మకు మనసు చివుక్కుమంది. అయినా రోజూ వాళ్ళ బండి వీధి మలుపు తిరిగాకే వసారా దిగేది.

శ్రావణంలో నాంచారమ్మ కోడలు ఊర్మిళకు నొప్పులు మొదలయ్యాయి. రెండో రోజుకు బిడ్డ అడ్డం తిరిగిందని తెలిసింది. నాంచారమ్మే వసారా ముందుకొచ్చి సాయం అడిగింది. సుందరమ్మ గోళ్ళు తీసుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని లోపలికి వెళ్ళింది. సూర్యాపేట దవాఖానలో ఆయాగా ఉన్నప్పుడు అబ్బిన అలవాటు అది. పొట్ట మీద నూనె రాసి, ఓపిగ్గా సర్ది, మధ్యాహ్నానికల్లా ఆడపిల్లను చేతుల్లోకి తీసుకుంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. నెత్తురు బాగా పోయి, పెదవులు ఎండిపోయి, ఊర్మిళ నీళ్ళడిగింది.

"బాలింతకు మూడు రోజులు చుక్క నీళ్ళు పోయకూడదు. సంధి పుట్టి ప్రాణం మీదికొస్తుంది," అంది నాంచారమ్మ.

సుందరమ్మ వాదించలేదు. "నీళ్ళొద్దులే అమ్మా. మీ తాన కషాయం తాగొచ్చునా?"

"కషాయమైతే ఫరవాలేదు."

కుండెడు నీళ్ళు మరగబెట్టి చిటికెడు వాము వేసింది. చల్లార్చి, గ్లాసు తర్వాత గ్లాసు పట్టించింది. నాంచారమ్మ తొంగి చూసింది.

"ఇవి నీళ్ళలాగే ఉన్నాయే."

"వామేసిన గదమ్మా. వాసన సూడు."

నాంచారమ్మ వాసన చూసింది. కోడలి ముఖం చూసింది. "ఇంకో గ్లాసు పొయ్యి," అంది.

ఆ నెలలోనే ఆ వీధిలో మరో రెండు కాన్పులకు ఆమెనే పిలిచారు. ఎదురు రావద్దన్న మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. సుందరమ్మా అడగలేదు.

రజాకార్ల పీడ వదిలాక ఊర్మిళ భర్త బండి కట్టి ఆమెను కోదాడలో దిగబెట్టాడు. చిలుకూరులో పాడైన ఇంటికి ఇంకా కప్పు వేసుకోకముందే, లంబాడీ తండా నుంచి సోమ్లా తన భార్యకు నొప్పులని పరుగున వచ్చాడు. సుందరమ్మ అతని వెంట నడుస్తూ అడిగింది.

"మీ తాన బాలింతకు ఏమేం కూడదంటరో ముందుగాల చెప్పు, బిడ్డా."