ఫోటోలో కుక్కపిల్ల

తిరుమంగళం బస్టాండులో నా పక్కన కూర్చున్న ఆవిడకు అరవై దగ్గర పడి ఉంటాయి. ఒళ్ళో వెదురు బుట్ట, అందులో మడత పెట్టిన పాత తువ్వాలు ఉన్నాయి. చుట్టూ అంతా తమిళమే వినిపించే చోట ఆవిడ ఫోన్‌లో ఇంటివాళ్ళతో మన తెలుగే మాట్లాడుతుంటే విని పలకరించాను.

తేని అనే ఊరి నుంచి వచ్చిందట. ఫోన్‌లో నీలం దుప్పటి మీదున్న కుక్కపిల్ల ఫోటో చూసి బేరమాడి, డబ్బు ముందే పంపింది. తీసుకుపోదామని వస్తే వాళ్ళిచ్చిన అడ్రసులో వెల్డింగ్ షాపు ఉంది.

"మా ఇంటాయనకు కాలూ చెయ్యీ పడిపోయినాయి తంబీ. ఉన్న కుక్క చచ్చిపోయినాంక సరిగ్గా తినేదే లేదు. ఈ పిల్లకు పేరు కూడా పెట్టేసి కాచుకోని ఉండాడు."

అంతలో అమ్మినవాళ్ళ నంబరు నుంచి ఆవిడ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. పిల్లకు జ్వరమట. సూదికి డబ్బు పంపకపోతే సాయంత్రానికి చచ్చిపోతుందట.

"పంపొద్దక్కా, ఇది మోసం," అంటూ ఆవిడ చూసిన ఫోటోనే నా ఫోన్‌లో వెతికి చూపించాను. అదే పిల్ల, అదే నీలం దుప్పటి. వేరే ఊళ్ళో, వేరే పేరుతో అమ్మకానికి ఉంది.

ఆవిడ ఆ ఫోటోను చాలాసేపు చూసింది.

"వాళ్ళు దొంగలే, సరి. అయినా ఈ పిల్ల యాడో ఉండాది కదా? జ్వరం నిజమైతే? పావం తంబీ."

నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ దాన్ని మెల్లగా పక్కకు జరిపి డబ్బు పంపింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ నంబరులో ఎవరూ ఎత్తలేదు.

తేని బస్సు ఎక్కుతూ నా వైపు తిరిగింది. "సూది వేసేసుంటారు కదా?"

"ఆమా, అవునక్కా, వేసుంటారు," అన్నాను.