విమానంలో రెండు గంటలే

ఒక దర్జీ ఆవిడకు ఒక్కడే అన్నయ్య. ఆయనకు ఒక్కటే జబ్బు: ఎంత దూరమని అడిగితే విమానంలో ఎంతసేపో చెప్పడం. పనిచేసేది విమాన టికెట్ల ఆఫీసులో. ఏ రెండు నగరాల పేర్లు చెప్పినా జవాబు ఠక్కున ఊడిపడేది. అక్కడితో ఆగితే బాగుండేది. కూరగాయల కొట్టు ఎంత దూరమన్నా "విమానంలో రెండు సెకన్లు" అనేవాడు.

కూతురి పెళ్ళికి మండపం దారి చెప్పే పని ఆయనకు అప్పగించడం చెల్లెలు చేసిన పొరపాటు. ఎంతండీ, ముప్పావు నిమిషం అని వియ్యాలవారికి హామీ ఇచ్చాడు. దేంట్లోనో చెప్పలేదు. వాళ్ళు ముచ్చటపడి నడిచే బయలుదేరారు. చెప్పులు చేత్తో పట్టుకుని, భోజనాల బల్లలు మడతపెడుతుండగా చేరారు. వియ్యపురాలు ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన గమనించనూ లేదు.

మోకాలి నొప్పికి వెళ్తే, ఎంత దూరం నడవగలరని డాక్టరు అడిగాడు. విమానంలో సెకను దూరం అన్నాడీయన. డాక్టరు మోకాలు వదిలేసి తల తడిమి చూశాడు.

ఒక ఉదయం చెల్లెలు మెడలో కొలత టేపు కూడా తీయకుండా ఆయన ఆఫీసుకు పరుగున వచ్చింది. వేరే నగరంలో ఉన్న కూతురికి నెల ముందే నొప్పులు మొదలయ్యాయని అల్లుడు ఫోన్ చేశాడట. రైల్లో ఒకటిన్నర రోజు పడుతుంది. విమానమా, బట్టలారేయడానికి మేడెక్కినా ఆవిడ పిట్టగోడ వైపు పోదు.

"విమానంలో రెండు గంటలే," అన్నాడాయన.

"ఆ రెండు గంటలూ గాల్లోనే ఉండాలి కదన్నయ్యా," అంది, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

ఆయన వెంటనే రెండు టికెట్లు తీశాడు.

సీట్లో కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆవిడ ఊతం కోసం చేయి చాపింది. అక్కడ అప్పటికే అన్నయ్య చేయి ఉంది, గజగజ వణుకుతూ. తను ఇంతవరకూ విమానమెక్కలేదని ఆయన నీళ్ళు నమిలాడు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో తన భయం సంగతే మరిచిపోయింది. విమానం పైకి లేవగానే ఆయన చెల్లెలి భుజంలో ముఖం దాచుకున్నాడు. మబ్బుల్లో కుదుపులొచ్చినప్పుడల్లా ఇంకా ఎంతసేపని ఒకటే గోల. ఆవిడ మంచినీళ్ళు పట్టించింది, వీపు నిమిరింది, చివరికి తనకు తెలిసిన లెక్కే చెప్పింది.

"ఎంతన్నయ్యా, ఒక చొక్కా కుట్టేంతసేపు. ఇదిగో, కాలరు అయిపోయింది. ఇక గుండీలే."

గుండీలు పూర్తయ్యేసరికి విమానం దిగింది. కాన్పు ఇంకా కాలేదని అల్లుడు ఫోన్లో చెప్పాడు. గబగబా తలుపు దగ్గరికి వచ్చేసరికి, అక్కడ నిలబడ్డ ఎయిర్‌హోస్టెస్ ఆయన్ని చూసి నవ్వింది.

"బాబాయిగారూ, పోయిన నెల ఆ భయస్తుడు పెద్దాయన్ని తీసుకొచ్చినప్పుడు ఇంతగా వణకలేదే. ఈసారి నటన ఎక్కువైందేం?"

"సొంత చెల్లెలమ్మా," అన్నాడాయన, తల గోక్కుంటూ.

చెల్లెలు నోరు తెరిచి చూసింది. చేతిసంచీతో ఆయన వీపున ఒక్కటి అంటించింది. ఆ తర్వాత మొదలైన నవ్వు ఆసుపత్రి మెట్లెక్కినా ఆగలేదు. నొప్పులు పడుతున్న కూతురు, అమ్మ ఎందుకలా పగలబడి నవ్వుతోందో తెలియక, బిత్తరపోయి కాసేపు ఏడవడం కూడా మరిచిపోయింది.